కుమారులు లేని సెలోపెహాదు



ప్రాచీన గ్రంథములలో వంశావళులు వచ్చిన చోట చదువరి గబగబ పుటలు త్రిప్పుట లోకమున సాధారణము. ఫలానివాని కుమారుడు ఫలానివాడు, వాని కుమారుడు ఫలానివాడు అని యేకరువు పెట్టిన పేరులలో కథ లేదు, వర్ణన లేదు, నీతియు గనబడదు. అయినను గ్రామములలో పెద్దరికము వహించిన మీకు పేరుల పట్టిక యొక్క విలువ నేను చెప్పనక్కరలేదు. దాయాదుల భాగములు తేలనపుడు మీరు మొట్టమొదట అడుగునది వంశవృక్షమే గదా! తాతలలో నొకని పేరు తప్పిపోయినచో మాగాణి చేయిజారిన సంగతులు మీరెరుగనివి కావు.

హెబ్రీయుల పవిత్రగ్రంథము, అనగా క్రైస్తవులు పాతనిబంధన యని వ్యవహరించునది, ఇట్టి పట్టికలతో నిండియున్నది. వానిలో అబ్రాహాము, యాకోబు, దావీదు వంటి మహాపురుషుల పేరులు కొన్నియే. తక్కినవి ఏ ఘనకార్యమును చేయనివారి పేరులు. అట్టివారిలో నొకనిని గూర్చి నేడు మీతో ముచ్చటింప దలచితిని. అతని పేరు సెలోపెహాదు. అతడు యుద్ధము చేయలేదు, రాజ్యమేలలేదు, అతడు పలికిన మాట యొక్కటియైనను గ్రంథమున లేదు. అతని గూర్చి మనకు తెలిసినది రెండే సంగతులు: అతడు ఎడారిలో మరణించెను, అతనికి కుమార్తెలే గాని కుమారులు లేరు. ఇంతటి సామాన్యుని పేరు సంఖ్యాకాండమునందు పెక్కు పర్యాయములును, యెహోషువ గ్రంథమునందును, దినవృత్తాంతములయందును ఏల వ్రాయబడినదో విచారించుటయే నా యుద్దేశము.

మొదట అతని వంశక్రమము వినుడు. ఐగుప్తు దేశమున మంత్రిత్వము నెరపిన యోసేపునకు మనష్షే కుమారుడు. మనష్షేకు మాకీరు, మాకీరునకు గిలాదు, గిలాదునకు హెపెరు, హెపెరునకు సెలోపెహాదు పుట్టిరి. సెలోపెహాదునకు మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా యను ఐదుగురు కుమార్తెలు. ఈ యైదు పేరులును జనసంఖ్య లెక్కలో చేరియుండుట గమనింపదగినది. ఏలయన ఆ లెక్క యిరువదియేండ్లు దాటి యుద్ధమునకు పనికివచ్చు పురుషుల లెక్క. స్త్రీలను లెక్కించుట దాని యుద్దేశము కాదు.

ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచి నలువది సంవత్సరములు ఎడారిలో సంచరించి, యెరికో పట్టణమున కెదురుగా యొర్దాను నదికి తూర్పున మోయాబు మైదానములలో దిగియుండగా ఈ లెక్క జరిగినదని గ్రంథము చెప్పుచున్నది. మొత్తము 6,01,730 మంది. అందు మనష్షే గోత్రమువారు 52,700 మంది. లెక్క ముగియగానే వచ్చిన యాజ్ఞ యేమనగా, నది దాటి చేరబోవు దేశమును ఈ పేరుల లెక్కను బట్టియే పంచవలయును. పెద్ద వంశమునకు పెద్ద భాగము, చిన్న వంశమునకు చిన్న భాగము. ఎవరి భూమి యెక్కడ ననునది చీట్లు వేసి తేల్చవలయును. కావున ఆ పట్టికలో పేరున్నవానికి భూమి కలదు, లేనివానికి లేదు. మన గ్రామములలో ఒకప్పుడు కరణము కట్టలలో నున్న పేరున కెంత బలముండెడిదో, ఆ పట్టికలోని పేరునకును అంత బలము.

ఇప్పుడు సెలోపెహాదు కుటుంబము పరిస్థితి యోచింపుడు. తండ్రి గతించెను, కుమారుడు లేడు. పంపకము తండ్రి నుండి కుమారునికి పోవు పద్ధతిన జరుగుచున్నది. కావున ఆ యింటికి భాగమే లేకుండ పోవును. భాగము లేనిచో హెపెరు వంశమున సెలోపెహాదను నొకడుండెనని చెప్పుకొనుటకు ఆధారము మిగులదు. మనవారు నిర్వంశమను మాట యెంత భయముతో పలుకుదురో మీకు తెలియును. హెబ్రీయులకును అది యట్టిదే. అయితే మన భయము పిండోదకములను గూర్చినది. వారి భయము పేరును భూమియు నను రెంటిని గూర్చినది. వారి దృష్టిలో ఆ రెండును విడదీయరానివి.

అప్పుడు ఆ యైదుగురు కన్యలు చేసిన పని మిక్కిలి సాహసమైనది. వారు చాటున మొరపెట్టుకొనలేదు. ఒక పెద్దను మధ్యవర్తిగా పంపలేదు. ప్రత్యక్షపు గుడారము ద్వారమున, మోషే యెదుటను, యాజకుడైన ఎలియాజరు నెదుటను, ప్రధానుల యెదుటను, సమాజమంతయు చూచుచుండగా నిలిచి తమ వాదమును వినిపించిరి. ఆ వాదమున మూడంశములు గలవు. మొదటిది: తమ తండ్రి యెడారిలో చనిపోయెను గాని, మోషేకు విరోధముగా తిరుగబడిన కోరహు పక్షమువాడు కాడు, తన పాపమును బట్టియే మృతినొందెను. రెండవది: అతనికి కుమారులు లేరు. మూడవది: కుమారుడు లేనంత మాత్రమున తండ్రి పేరు వంశము నుండి యేల తొలగిపోవలయును? కావున తండ్రి సహోదరులతో పాటు తమకును భూమి నీయవలయును.

ఈ వాదమునందలి నేర్పు గమనింపుడు. తమ కష్టములను వారు వర్ణింపలేదు, జాలి యడుగలేదు. ఎదుటివారు చేయగల యాక్షేపణను ముందే యూహించి, తమ తండ్రి రాజద్రోహి కాడని మొదటనే చెప్పిరి. అట్లని అతడు నిర్దోషి యనియు చెప్పలేదు. ఉన్నదున్నట్లు చెప్పి, న్యాయమొక్కటి యడిగిరి. తగవులు తీర్చు ననుభవము గల మీకు ఇట్టి ఫిర్యాదు యొక్క బలము సులభముగా తెలియును.

మోషే యేమి చేసెను? అంతవరకు అతడు చెప్పిన ధర్మశాస్త్రమున ఈ సందర్భమునకు తగిన విధి లేదు. విధి లేదు గనుక పొండని అతడు వారిని పంపివేయలేదు. తనకు తోచినది తీర్పుగా చెప్పనును లేదు. ఆ వ్యాజ్యెమును దేవుని సన్నిధికి కొనిపోయెనని గ్రంథము చెప్పుచున్నది. ఆ కుమార్తెలు చెప్పినది యుక్తమే యని తీర్పు వచ్చెను. అంతటితో నాగక, అది యెల్లరికిని వర్తించు శాసనముగా స్థిరపడెను. మృతునికి కుమారుడు లేనిచో స్వాస్థ్యము కుమార్తెకు చెందును. కుమార్తెయు లేనిచో సహోదరులకు. వారును లేనిచో తండ్రి సహోదరులకు. వారును లేనిచో సమీప జ్ఞాతికి. కుమారులున్న చోట కుమార్తెకు ఆ శాసనము భాగము నీయలేదు. విధవకును అందు చోటు లేదు. అయినను పినతండ్రులకంటెను పెత్తండ్రులకంటెను ముందు కుమార్తె పేరు వ్రాయబడుట చిన్న సంగతి కాదు.

మన ధర్మశాస్త్రములందును కుమారులు లేని తండ్రి కుమార్తెను పుత్రికగా నేర్పరచుకొను విధి గలదు. ఆమెకు పుట్టిన కుమారుడు తాతకు కుమారుడగును. హెబ్రీయుల విధి దీనికంటె భిన్నము. అచ్చట కుమార్తె తన కొడుకు కొరకు వేచియుండనక్కరలేదు. తన పేరుననే భూమిని పొందును.

కథ యింతటితో ముగిసినచో అది కన్యల విజయగాథ మాత్రమై యుండును. సంఖ్యాకాండము కడపటి యధ్యాయమున రెండవ ఫిర్యాదు వచ్చుచున్నది. ఈ మారు వచ్చినవారు గిలాదు వంశపు పెద్దలు. వారి సందేహమును తేలికగా త్రోసివేయరాదు. ఈ కన్యలు వేరొక గోత్రమువారిని వివాహమాడినచో వారి భూమి భర్తల గోత్రమునకు పోవును. అమ్ముడుపోయిన భూమియైనచో ఏబదవ సంవత్సరమున, సునాద సంవత్సరమందు, పాత వంశమునకు తిరిగివచ్చు నియమము గలదు. కాని ఇది యమ్మకము కాదు, వారసత్వము, కావున తిరిగిరాదు. అట్లు మనష్షే గోత్రము యొక్క భూమి శాశ్వతముగా తరిగిపోవును. పెద్దల వాదమును సరియైనదే యని తీర్పు చెప్పబడెను. కన్యలు తమకిష్టమైనవారిని వివాహమాడవచ్చును గాని, వారు తండ్రి గోత్రపు వంశములోనివారై యుండవలయును. ఐదుగురును తమ తండ్రి సహోదరుల కుమారులనే పెండ్లాడిరి.

ఇది విన్నపుడు మనలో కొందరు చెవులు మూసికొందురేమో. మనకు మేనరికము కలదు గాని పినతండ్రి, పెత్తండ్రి కుమారులు అన్నదమ్ములే. తెలుగు బైబిలున గోత్రమను మాట మన గోత్రమునకు సరియైనది కాదని యిచ్చట జ్ఞాపకముంచుకొనవలయును. యాకోబు కుమారులలో నొక్కొక్కని సంతతికి అది పేరు. ఒక్కొక్క గోత్రమునకు ఒక్కొక్క సీమ. కావున గోత్రము దాటుట యనగా వారికి సీమ దాటుటయే.

కుమార్తె హక్కును నిలుపుచు, వంశము యొక్క భూమిని గాపాడుటకు ఒక కట్టుబాటు విధించిరి. ఆ భారము పడినది కన్యల మీదనే యనుట నిజము. తరువాతి కాలపు యూదా పండితులును దీనిని గూర్చి యాలోచించిరి. ఆ వివాహ నిబంధన దేశము పంచుకొనిన ఆ యొక్క తరమునకే గాని అన్ని కాలములకు గాదని తల్ముదు గ్రంథమున తేల్చిరి. గోత్రములు ఒండొరులతో వియ్యమందుటకు అనుమతి కలిగిన దినమని, ఆబు మాసము పదునైదవ దినము సంతోషదినముగా నెంచబడుటకు చెప్పిన కారణములలో నొకటి. కట్టుబాటు పుట్టిన కారణము తీరినపుడు కట్టుబాటును సడలించుట పెద్దల ధర్మమని వారు గ్రహించిరి.

ఇక తీర్పు వచ్చినది గదా, భూమి చేతికి వచ్చెనా? రాలేదు. తీర్పు వేరు, దఖలు వేరు. మోషే గతించెను. యెహోషువ నాయకుడయ్యెను. నది దాటిరి. దేశము పంచు దినము వచ్చినపుడు ఆ యైదుగురు మరల ఎలియాజరు నెదుటను యెహోషువ యెదుటను ప్రధానుల యెదుటను నిలిచి, మాకు భూమి నిమ్మని మోషేకు ఆజ్ఞ యైనది గదా యని జ్ఞాపకము చేయవలసి వచ్చెను. అప్పుడు గాని భాగము రాలేదు. నది పడమటి ప్రక్క మనష్షేకు పది భాగములు వచ్చినవని యెహోషువ గ్రంథము చెప్పును. ఈ పది యెట్లు వచ్చెనో లెక్క చూడుడు. ఆ ప్రక్కనున్న వంశములు ఆరు: అబీయెజెరు, హెలెకు, అశ్రీయేలు, షెకెము, హెపెరు, షెమీదా. వీనిలో హెపెరు తప్ప తక్కిన యైదును ఐదు భాగములు. హెపెరు స్థానమున అతని మనుమరాండ్రు ఐదుగురికి ఐదు భాగములు. మొత్తము పది.

యూదా ధర్మశాస్త్ర సంగ్రహమగు మిష్నా క్రీ. శ. 200 ప్రాంతమున కూర్పబడినది. అందు ఈ కుమార్తెలకు మూడు భాగములు వచ్చినవని విభజించి చెప్పిరి: ఐగుప్తు నుండి బయలుదేరినవారిలో నొకడుగా తండ్రికి రావలసినది యొకటి, తాతయైన హెపెరు సొత్తునుండి రావలసినది యొకటి, తండ్రి జ్యేష్ఠుడగుటచే అధికముగా రావలసిన మరియొకటి. ఎన్నడో గతించిన ఎడారి బాటసారి భాగమును అంత శ్రద్ధతో లెక్కగట్టిరి.

ఆ పండితుల చర్చలలో మరియొక ముచ్చట గలదు. సెలోపెహాదు తన పాపమును బట్టి చనిపోయెనని కుమార్తెలు చెప్పిరి గదా, ఆ పాపమేమి? విశ్రాంతి దినమున కట్టెలేరి మరణశిక్ష పొందిన పేరులేని మనుష్యుడొకడు సంఖ్యాకాండమున గలడు; అతడే సెలోపెహాదు అని అకీబా యను గొప్ప గురువు చెప్పెను. అంతట యూదా బెన్ బతీరా యను నాచార్యుడు ఆయనను మందలించెను. నీవు చెప్పినది నిజమైనను, కాకున్నను నీవు ఉత్తరవాదివే. గ్రంథము కప్పిన దానిని నీవేల విప్పితివని యాతని యాక్షేపణ భావము. చనిపోయినవాని తప్పును వాని బిడ్డల యెదుట త్రవ్వి తీయరాదను ఈ మర్యాద ఏ గ్రామపు రచ్చబండకైనను తగినదే.

ఇంతవరకు నేను చెప్పినది గ్రంథస్థమైన కథ. ఇక నేల చెప్పిన సాక్ష్యము వినుడు. ఇశ్రాయేలు ఉత్తర రాజ్యమునకు షోమ్రోను రాజధాని. ఓమ్రీ యను రాజు ఒక కొండను రెండు తలాంతుల వెండికి కొని దానిపై ఆ పట్టణమును కట్టించెను. అంతకుముందు అతడు ఆరు సంవత్సరములు వేరొక పట్టణమున నేలెను. ఆ పట్టణము పేరు తిర్సా. ఇది మన యైదుగురిలో నొకతె పేరే.

షోమ్రోను కొండపై అమెరికా దేశపు హార్వర్డు విశ్వవిద్యాలయమువారు 1908 మొదలు 1910 వరకు త్రవ్వకములు జరిపించిరి. 1910లో రైస్నరు పండితుని పర్యవేక్షణమున రాజభవన ప్రాంతమున సిరాతో వ్రాసిన కుండపెంకులు నూటికి పైగా దొరికినవి. అప్పుడా దేశము తురుష్కుల యేలుబడిలో నుండుటచే ఆ పెంకులు ఇస్తాంబులు వస్తుప్రదర్శనశాలకు చేరినవి. వానిలో చాల భాగము చదువ శక్యమైనవి. అవి క్రీ. పూ. 8వ శతాబ్ది పూర్వార్ధమునకు చెందినవని పండితులు సాధారణముగా నంగీకరింతురు. వానిపై కావ్యములు లేవు, రాజశాసనములు లేవు. ఫలాని రాజ్య సంవత్సరమున, ఫలాని సీమనుండి, ఫలానివారికి ఒక కుండెడు పాత ద్రాక్షారసము లేక మేలైన నూనె వచ్చినదను లెక్కలు మాత్రమే గలవు.

ఆ లెక్కలలో సీమల పేరులుగా వచ్చినవి ఏడు. అబీయెజెరు, హెలెకు, అశ్రీయేలు, షెకెము, షెమీదా యను ఐదును మీరిప్పుడు వినిన వంశములే. తక్కిన రెండు నోయా, హొగ్లా. ఎడారిలో గుడారము ద్వారమున నిలిచిన అక్కచెల్లెండ్రలో ఇరువురి పేరులు, కొన్ని శతాబ్దుల తరువాత, రాజుగారి కొట్టు లెక్కలలో పలికినవి. తాతయైన హెపెరు పేరు ఆ సీమలలో గానరాదు. మనుమరాండ్ర పేరులే ఆ భూమిపై నిలిచినవి.

ఈ పెంకులు చూచిన పండితులు వంశావళులను క్రొత్త దృష్టితో చదువ మొదలిడిరి. యెహోషువ జయించిన రాజుల పట్టికలో హెపెరు పట్టణపు రాజును, తిర్సా పట్టణపు రాజును గలరు. తిర్సా పట్టణము నాబులుసునకు ఈశాన్యముననున్న తెల్ ఎల్ ఫారా యను దిబ్బ యని పలువురి మతము. రోలాండు దె వో యను ఫ్రెంచి పండితుడు 1946 మొదలు 1960 వరకు అచ్చట త్రవ్వకములు జరిపెను. కావున హెపెరు, తిర్సా మొదలగునవి మొదట ఊరుల పేరులై యుండవచ్చుననియు, ఆ యూరుల ప్రజలు ఇశ్రాయేలీయులలో చేరినపుడు ఆ చేరికను వంశరూపమున, తండ్రి, కుమార్తె యను వరుసలతో చెప్పిరనియు పెక్కురు తలంతురు. ఈ పక్షమున చూచినచో వంశావళి యొక కుటుంబపు జాబితా మాత్రమే కాదు. ఏ యూరు ఏ యూరికి చుట్టమో, ఏ పొలముపై ఎవరికి హక్కో చెప్పు దస్తావేజు.

సెలోపెహాదు నిజముగా జీవించిన పురుషుడా, ఊరి సమూహమునకు పెట్టిన పేరా యని మీరు నన్నడుగవచ్చును. నా మనవి యేమనగా, ఏ పక్షము నంగీకరించినను కథ యొక్క సారాంశము మారదు. పురుషుల పేరులతో నిండిన పట్టికలో, కుమారులు లేని చోట ఆ ప్రజలు ఖాళీ వదలలేదు. కుమార్తెల పేరులు వ్రాసిరి. అవి యేల వ్రాసిరో తెలుపుటకు ఒక వ్యాజ్యెమును, దానిపై తీర్పును, ఆ తీర్పుపై వచ్చిన ఆక్షేపణను, రెండవ తీర్పును కూడ భద్రపరచిరి. తమ శాస్త్రమున లోపమున్నదని ఐదుగురు కన్యలు చూపగా, దానిని దిద్దుకొంటిమని ఒక జాతి తన పవిత్రగ్రంథముననే వ్రాసికొనుట అరుదైన సంగతి.

ఆ పట్టికలందే ఇట్టి మరియొక యిల్లు గలదు. యూదా గోత్రమున షేషాను అనువానికిని కుమార్తెలే గాని కుమారులు లేరు. అతడు తన కుమార్తెను యర్హా యను ఐగుప్తీయుడగు దాసునికిచ్చి పెండ్లి చేసెను. ఆమె సంతతి పేరులు దినవృత్తాంతములలో తరతరములుగా వ్రాయబడినవి. ఒక యింట దాయాదులతో వివాహము, వేరొక యింట పరదేశీయుడగు దాసునితో వివాహము. మార్గములు వేరైనను రెండిండ్లను నిలిపినది కుమార్తెయే.

మన దేశమున 1956 నాటి హిందూ వారసత్వ శాసనమును, 2005లో దానికి వచ్చిన సవరణయు కుమార్తె హక్కును ఆ ప్రాచీన శాసనముకంటె చాల దూరము కొనిపోయినవి. అయినను శాసనము పుస్తకమున నుండుట వేరు. ఊరి పెద్దలు పంపకమునకు కూర్చున్నపుడు ఆడబిడ్డ పేరు చదువబడుట వేరు. సెలోపెహాదు కుమార్తెలు మోషే తీర్పు పొందియు యెహోషువ యెదుట మరల నిలువవలసి వచ్చినది. వారిని రెండవమారు నిలువబెట్టినది శాసనము యొక్క లోపము కాదు, పంచువారి మరపు.

దినవృత్తాంతములు వ్రాసినవాడు మనష్షే వంశమును చెప్పుచు సెలోపెహాదు దగ్గరకు వచ్చినపుడు, అతనికి కుమార్తెలుండిరని మాత్రమే చెప్పి సాగిపోయెను. ఏ ఘనకార్యమును చేయని ఆ తండ్రిని గూర్చి అంతకంటె చెప్పవలసినది లేదు. అతని పేరు నిలుచుటకు ఆ యొక్క మాటయే చాలినది.